తడిస్తే బిగిసే ముడి

మా ఇంట్లో ఆపదకి సిద్ధపడే పని ఇద్దరు చేసేవాళ్ళు. విసుక్కునే పని నేనొక్కదాన్నే చేసేదాన్ని. ఆ ఇద్దరిలో ఒకరు మా ఆయన. ఆయనది అనంతపురం అవతల, వాన కోసం ఏడాది పొడుగునా మొహం పైకెత్తుకుని చూసే పల్లె. ఆయన లెక్కలో ఆపద అంటే కుళాయి రాకపోవడం. రెండోది మా అమ్మ. ఆమెది కృష్ణ సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో, ఒక చర్చీ దాని చుట్టూ కాసిని ఇళ్ళూ ఉన్న ఊరు. ఆమె లెక్కలో ఆపద అంటే నీళ్ళు రావడం. నీళ్ళు రావేమోనని ఒకళ్ళు, వస్తాయేమోనని ఒకళ్ళు. ఈ రెండు భయాలనీ వెంటబెట్టుకుని తార్నాకలో ఒక పాత ఇంటి కింది వాటాలో అద్దెకి దిగాం.

ఆ ఇంటి సంగతి ముందు చెప్పాలి. కట్టిన కొత్తలో మెట్లెక్కి గడప దాటేవాళ్ళట. తర్వాత సందులో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. పాతది తవ్వే ఓపిక ఎవరికుంది? దాని మీదే ఇంకో పొర కుమ్మరించి చేతులు దులుపుకున్నారు. మేం చేరేనాటికి మెట్లు దిగితే గానీ మా గడప రాదు. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజే అమ్మ ఆ మెట్ల మీద ఆగిపోయి, "ఇదేంటే, ఇల్లు గోతిలో ఉంది" అంది. నా ఆఫీసు యూనివర్సిటీ క్యాంపస్‌లోనే, నడిచి వెళ్ళొచ్చు. అద్దె మాకు సరిపోతుంది. "గొయ్యైతే ఎండాకాలం చల్లగా ఉంటుందిలే" అన్నాను. నా నోటికి అడ్డు ఉండదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇంటావిడ పైన ఉండేది. పైకి వెళ్ళే మెట్లు బయట, మా ముందుగది గోడని ఆనుకుని ఉండేవి. ఆ గోడకి ఒక కిటికీ, దానికి ఇనప గ్రిల్. మెట్లెక్కేవాళ్ళు మధ్యలో ఆగి వంగితే మా గదంతా కనబడుతుంది. ఆవిడ కూరగాయలు తెచ్చుకున్నప్పుడల్లా ఆ గ్రిల్‌లోంచి ఒక కొత్తిమీర కట్టో, రెండు మునక్కాయలో లోపలికి తోసి, "ఏం జేస్తున్నరమ్మా" అని పలకరించి పోయేది. ఆ కిటికీ కిందే మా ఆయన నీలం డ్రమ్ము పెట్టాడు. నా నడుం దాటి వచ్చేంత డ్రమ్ము. అది ఎప్పుడూ నిండి ఉండాలి, మూత బిగించి ఉండాలి. అందులో బెత్తెడు తగ్గితే ఆయనకి అన్నం సహించదు. "ఇంటికి ఇదే మే ధైర్యం" అనేవాడు, వాళ్ళ ఊళ్ళో పెళ్ళాన్ని పిలిచే తీరులో నన్ను "మే" అని పిలుస్తూ.

మా పాప అప్పుడు యూకేజీ. దానికి ఆ డ్రమ్మే సింహాసనం. మూత మీద కూర్చుని, మెట్ల మీద వచ్చేపోయేవాళ్ళని ఆపి ఇంట్లో విషయాలన్నీ చెప్పేసేది.

అమ్మ సన్నాహం వేరు. జూన్ వచ్చిందంటే మా ఇంట్లో ఎవరో దూరప్రయాణం కట్టినట్టుండేది. బియ్యం డబ్బా అటకెక్కేది. అటుకులు, బెల్లం, పాప మందులు, నా సర్టిఫికెట్లు కవర్లలో పెట్టి మూతి కట్టి పైకి పంపేది. బైబిలుకి మాత్రం రెండు కవర్లు. అగ్గిపుల్లల తలలు కరిగించిన కొవ్వొత్తిలో ముంచి పేపరు మీద ఆరబెట్టేది. అన్నీ అయ్యాక పాత నూలు చీరలు తీసేది. వాటిని నిలువునా చింపి, తొడ మీద పురిపెట్టి, తాళ్ళు చేసి కిటికీ గ్రిల్‌కి వేలాడదీసేది.

"బజార్లో నైలాన్ తాడు దొరుకుతుంది కదమ్మా" అంటే,

"అది జారుద్ది. నూలు తడిస్తే బిగుసుద్ది" అనేది.

తాళ్ళు ఎందుకని మేం అడగలేదు. తెలుసు. అమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊరి మీదికి ఉప్పెన వచ్చింది. చెట్టుకో స్తంభానికో కట్టుకున్నవాళ్ళు కొందరు మిగిలారు. తలుపు తీసి పరిగెత్తినవాళ్ళు మిగల్లేదు. అమ్మ తమ్ముడు పోయాడు. ఎప్పుడు చెప్పినా అంతవరకే. ఎలా పోయాడమ్మా అని అడిగితే లేచి వెళ్ళి చేటలో బియ్యం పోసుకుని కూర్చునేది. ఆ బియ్యంలో ఏరడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ తాళ్ళతో పాపకి ఒక ఆట నేర్పింది. ఉప్పెన ఆట. పాప డ్రమ్మెక్కి గ్రిల్‌కి వీపు ఆనించి నిలబడాలి. అమ్మ చంకల కిందుగా ఒక కట్టు, నడుముకి ఒక కట్టు వేసి గ్రిల్‌కి ముడేస్తుంది. కదిలితే ఓడిపోయినట్టు. కదలకుండా ఉంటే బెల్లం ముక్క. బెల్లం కోసం మా పాప దేనికైనా సిద్ధం. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అది అలా కట్టేసి ఉంది. పలకరించినా పలకలేదు. కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది. అమ్మ మీద ఒంటికాలి మీద లేచాను.

"పసిపిల్లని కిటికీకి కడతావా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"అనుకోనీ."

"ఇక్కడ సముద్రం ఎక్కడుందమ్మా? బస్సెక్కితే రేపటికి గానీ కనబడదు."

"మాకు మాత్రం కనబడేదా ఏంటి? ఊరికి ఎంతో దూరం. అదే లేచి వచ్చింది."

ముడి విప్పబోతే రాలేదు. గోళ్ళు విరిగాయి గానీ ముడి కదల్లేదు. అప్పుడే మా ఆయన వచ్చి చూసి, "ఏం అత్తా, మనవరాల్ని దూడను కట్టినట్ల కట్టినావే" అని నవ్వాడు. అమ్మ నవ్వలేదు. వచ్చి ఏదో ఒక కొస పట్టుకుని లాగింది, రెండు ముళ్ళూ విడిపోయాయి. "పొడిగా ఉన్నప్పుడే ఇట్టా వచ్చుద్ది" అంది. పాప బెల్లం నోట్లో వేసుకుని ఆడుకోవడానికి పోయింది. ఆ తాళ్ళు తీసెయ్యమని నేను ఎన్ని సార్లు పోరినా అమ్మ చెవిన పెట్టలేదు. తీసి చెత్తబుట్టలో పడేస్తే మర్నాటికి కొత్తవి వేలాడుతుండేవి.

ఆ ఏడు వాన ఒక పట్టాన ఆగలేదు. మా సందు చివర ఒక గోడ ఉండేది. దాని వెనక నేల వాలుగా పైకి పోతుంది, వాలు మీద పడ్డ నీళ్ళన్నీ వచ్చి ఆ గోడ వెనకే నిలబడేవి. గోడ ఎవరిదో ఎవరికీ తెలియదు. ఎవర్ని అడిగినా ఇంకొకళ్ళని చూపించేవాళ్ళు. అమ్మ పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం వెళ్తూ ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి చూసేది, జ్వరం ఉందేమోనని పిల్లల నుదురు చూసినట్టు. "చెమ్మగా ఉంది" అంది మొదట. కొన్నాళ్ళకి, "అడుగు నుంచి ఊరుతున్నాయే" అంది. ఇంకో పొద్దున నేను టిఫిన్ డబ్బా కట్టుకుంటుంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించింది. చీమలు గుడ్లు నోట కరుచుకుని బారుగా మా గోడెక్కుతున్నాయి.

"పైకి పోతన్నయ్యి చూడు" అంది.

"పోనీలే అమ్మా, మన పంచదార తినకుండా" అన్నాను. కానీ ఆ రోజంతా ఆఫీసులో ఆ బారు నా కళ్ళ ముందే ఉంది. సాయంత్రం మా ఆయనతో, ఈ ఇల్లు వద్దు, విద్యానగర్‌లో పై అంతస్తు ఏదైనా చూద్దాం అన్నాను. "ఈ వాన తెరిపియ్యనీ మే, సామాన్లన్నీ తడిసిపోతాయి" అన్నాడు. అదీ నిజమే అనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం వాన ఒక్కసారిగా ముంచుకొచ్చింది. బళ్ళకి సెలవు ఇచ్చారు కాబట్టి పాప ఇంట్లోనే, అమ్మ దగ్గర. ఆఫీసులో కరెంటు పోయింది. కిటికీలోంచి క్యాంపస్ రోడ్డు కనబడటం లేదు, చెట్లు కూడా కనబడటం లేదు. ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటున్నారు. అమ్మకి చేస్తే మోగుతోంది, ఎత్తదు. మళ్ళీ చేశాను, ఎత్తదు. అప్పుడు ఇంటావిడ ఫోన్ వచ్చింది.

"మేడం, ఆ గోడ కూలిపోయింది. మీ ఇంట్లకి నీళ్ళొస్తున్నయ్. పైకి రాండ్రి అంటే మీ అమ్మ తలుపు తీస్తలేదు. ఎంత కొట్టినా తీస్తలేదు. పాప గూడ లోపలనే ఉన్నది. జల్ది రా అమ్మా."

ఎవరికీ చెప్పకుండా పరిగెత్తాను. మా ఆయన ముషీరాబాద్‌లో ఉన్నాడు, ఆయన పనిచేసే చోటు అక్కడే. దారిలో ఫోన్ చేస్తే, "బయల్దేరినా, బండ్లు యాడియాడనే నిలిచిపోయినాయి, నువ్వు పో, నువ్వు పో" అని అరిచాడు. చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలియదు. క్యాంపస్ గేటు దగ్గర నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి, మా సందు మొదట్లో తొడల దాకా. మా ఇంటి ముందు నడుం దాటాయి. మా ఇల్లు ఇంకా కింద కదా. కూలిన గోడ ఇటుకలు కాళ్ళకి తగులుతున్నాయి. నీళ్ళు ఉరకడం లేదు. చిక్కటి టీ రంగులో నిలబడి ఉన్నాయి, అంతే. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

ప్రహరీ పట్టుకుని మెట్ల దగ్గరికి చేరాను. కింది మెట్లు మునిగిపోయాయి. ఇంటావిడ మధ్యలో వంగి, కిటికీలోకి మొహం పెట్టి, "అమ్మా, దండం పెడత, తలుపు తియ్యమ్మా" అంటోంది. నన్ను చూడగానే పక్కకి జరిగింది.

లోపలికి చూశాను. గదిలో నీళ్ళు అమ్మ ఛాతీ దాకా ఉన్నాయి. దిండ్లు, చెప్పులు, పాప పలక తేలుతున్నాయి. పాప డ్రమ్ము మీద నిలబడి ఉంది, గ్రిల్‌కి వీపు ఆనించి. చంకల కిందుగా ఒక కట్టు, నడుముకి ఒక కట్టు. డ్రమ్ము మూత మునిగిపోయి, నీళ్ళు పాప పిక్కల దాకా వచ్చాయి. అమ్మ డ్రమ్ముని వాటేసుకుని నిలబడి ఉంది.

"అమ్మా, నేను కదల్లేదు" అంది పాప, తల తిప్పకుండా.



"వచ్చావా?" అంది అమ్మ, ఏదో మార్కెట్టు నుంచి వచ్చినట్టు. "నువ్వు పైకి పో. దీని సంగతి నేను చూసుకుంటా. గట్టిగా కట్టాను."

గ్రిల్‌లోంచి వేళ్ళు దూర్చి నడుం దగ్గరి ముడి పట్టుకున్నాను. రాయిలా ఉంది. అమ్మ చెప్పినట్టే తడిసి బిగుసుకుంది. "అమ్మా, ముడి విప్పు. తలుపు తియ్యి. పైకి వెళ్దాం" అన్నాను.

"తలుపు తీస్తే లాక్కుపోద్ది."

"ఏదీ లాక్కుపోదు. పైన మేడ ఉంది. ఈ మెట్లు ఎక్కితే చాలు."

"నీకు తెలియదు" అంది. తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

అప్పుడు డ్రమ్ము ఊగింది. ఎంత నిండుగా ఉన్నా ప్లాస్టిక్కే కదా, నీళ్ళలో మునిగేసరికి బరువు పోయింది. అమ్మ రెండు చేతులతో అదిమి పట్టినా ఓ పక్కకి జరిగింది. పాప కాళ్ళు జారాయి. దాని బరువంతా చంకల కింది కట్టు మీద పడింది. ఏడవలేదు. "కదిలింది నేను కాదు, డ్రమ్ము" అంది.

ఇంటావిడ పైకి పరిగెత్తి కూరలు కోసే చాకు తెచ్చి నా చేతిలో పెట్టింది. దాన్ని గ్రిల్‌లోంచి పెట్టానో లేదో, అమ్మ నా మణికట్టు పట్టుకుంది. అరవై దాటిన మనిషి, అంత బలం ఎక్కడిదో. ఎముక నొక్కుకుపోయింది.

"కొయ్యొద్దు" అంది. "నీకు దణ్ణం పెడతా, కొయ్యొద్దే. అప్పుడు నా ముడే వదిలింది."

"ఎప్పుడమ్మా?"

"నాన్న నన్ను కట్టాడు. తమ్ముణ్ణి నన్ను కట్టమన్నాడు. నా ఓణీతో కట్టాను. ఊడింది. నా కళ్ళ ముందే పోయాడే. కట్టింది నేనే."

ఇన్నేళ్ళూ చేటలో బియ్యం ముందేసుకుని ఆమె మింగుకున్న మాట అది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. దేని మీదో చెప్పలేను. ఆ సముద్రం మీద, ఆ చిన్నపిల్లకి ఆ పని చెప్పిన మా తాత మీద, నా చెయ్యి వదలని అమ్మ మీద. చెయ్యి విదిలించుకుని కోసేద్దామనుకున్నాను. కోస్తే మాత్రం? పాప గ్రిల్‌కి అవతల ఉంది. దాన్ని పట్టుకోవాల్సింది అమ్మ. తలుపు తియ్యాల్సింది అమ్మ. ఆమె ఒప్పుకోకుండా నా చాకు ఎందుకూ పనికిరాదు.

గోడకి కేలండర్ ఉంది. దాని పక్కనే పాప చెప్పు ఒకటి తేలుతోంది.

"అమ్మా, ఆ చెప్పు చూడు" అన్నాను. "ఎటైనా కొట్టుకుపోతోందా?"

అమ్మ చూసింది.

"నేను వచ్చినప్పుడు అది కేలండర్ కింద ఉంది. ఇప్పుడు తేదీల దగ్గరికి వచ్చింది. అక్కణ్ణుంచి ఎటూ పోలేదమ్మా, పైకే వస్తోంది. ఈ నీళ్ళు లాగవు. పైకే వస్తాయి. కట్టేసి ఉంచితే పాప ఎక్కడికీ పోదు. ఇక్కడే, నీ చేతుల్లోనే మునిగిపోతుంది."

ఆ చివరి మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు. పాప వింటోందని కూడా చూసుకోలేదు. అమ్మ ఆ చెప్పు వైపే చూస్తూ ఉండిపోయింది. నీళ్ళు ఇంకో తేదీ వరస తడిపాయి. నా మణికట్టు మీది వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి.

"ముందు నడుముది కొయ్యి" అంది. "పైది నేను పట్టుకున్నాక."

నడుముది కోశాను. నూలు తడిస్తే చాకుకి కూడా ఓ పట్టాన లొంగదు. అమ్మ పాపని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "ఊఁ" అంది. పైది కోశాను. కట్టు తెగిన మరుక్షణం డ్రమ్ము దొర్లిపోయింది. పాపని భుజాలకెత్తుకుని అమ్మ తలుపు వైపు కదిలింది. గడప దగ్గర నీళ్ళు రాకుండా తానే కుక్కిన బొంతల్ని కాళ్ళతో తన్నుతూ, తడుముకుంటూ గడియ తీసింది. ఇంటావిడా నేనూ మెట్లు దిగి గడప ముందుకి వెళ్ళి బయటి నుంచి తోశాం. తలుపు సందు చేసుకుని ముందు పాప వచ్చింది, దాని వెనక అమ్మ. నీళ్ళు అప్పటికి ఆమె గడ్డానికి తగులుతున్నాయి. ఇంటావిడ పాపని అందుకుంది. నేను అమ్మని జుట్టు పట్టుకుని లాగాను. చెయ్యి దొరకలేదు, ఏం చెయ్యను.

అందరం పై మెట్టు మీద కూర్చున్నాం. అక్కణ్ణుంచి కిటికీ కనబడుతోంది. గ్రిల్‌కి చీర ముక్క ఇంకా ముడితోనే ఉంది, పాప చంకల ఎత్తులో. మేం చూస్తుండగానే నీళ్ళు దాన్ని అందుకున్నాయి. కాసేపటికి అది కనబడలేదు. అమ్మ పాప తల తన వైపు తిప్పేసుకుంది. పాప మాత్రం, "గెలిచానా? బెల్లం ఏది?" అని అడిగింది. ఇంటావిడ లోపలికి వెళ్ళి పంచదార తెచ్చి దాని చేతిలో పోసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మా ఆయన చీకటి పడే వేళకి ఈదుకుంటూ వచ్చినట్టు వచ్చి, మమ్మల్ని చూసి మెట్ల మీదే కూలబడ్డాడు.

ఇప్పుడు విద్యానగర్‌లో ఉంటున్నాం, పై అంతస్తులో. కిందికి దిగే గడప లేదు. డ్రమ్ము బాల్కనీలో ఉంది, పాప దాని దగ్గరికి వెళ్ళదు. అమ్మ అటుకులు, బెల్లం ఇప్పటికీ కవర్లలో కడుతుంది. చీరలు చింపడం మానేసింది. అంతా బాగానే ఉందనుకున్నాం.

మొన్న మధ్యాహ్నం మొదటి వాన పడింది. అమ్మ మంచం మీద నడుం వాల్చింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి పాప ఆమె పక్కన నిద్రపోతోంది. పాపే అమ్మ చీర కొంగు మెలిపెట్టి, ఒక కొస అమ్మ మణికట్టుకి, ఒక కొస తన మణికట్టుకి కట్టుకుంది. "అమ్మమ్మా, కదిలితే ఓడిపోతావ్" అని చెప్పి పడుకుందట. నేను ముడి విప్పబోయాను. రాలేదు. దానికి ఆ ముడి ఎవరూ నేర్పలేదు, చూసి గుర్తుపెట్టుకుంది.

"ఉండనీవే" అంది అమ్మ, చెయ్యి కదపకుండా. "లేచి చూసుకుంటే భయపడుద్ది."

వాన పెద్దదైంది. కిటికీ మూసి, వంటింట్లోకి వెళ్ళి వచ్చి మంచం అంచున కూర్చున్నాను. అమ్మ కళ్ళు తెరుచుకునే ఉంది, కిటికీ వైపు చూస్తోంది.

"కత్తెర ఎక్కడుంది?" అంది కాసేపాగి, మెల్లగా.

నా చేతిలోనే ఉందని ఎత్తి చూపించాను. అప్పుడు కళ్ళు మూసుకుంది.